సోమవారం రమ్మన్న దొంగ

నేను మీటింగ్ రూమ్ తలుపు తోసేసరికి మా బావగారు రిపోర్టు రాసేసి, సంతకం కూడా పెట్టేసి, పెన్నుకి మూత బిగిస్తున్నారు. నేరం బయటపడి ఇంకా రోజు కూడా గడవలేదు. ఆయనకి కేసు చూడగానే పరిష్కారం కనబడుతుంది. పరిష్కారం కనబడిన మరుక్షణం కేసు కనబడటం మానేస్తుంది. మా అక్కని చేసుకున్న రోజు నుంచీ చూస్తున్నాను, మనిషి తీరే అంత.

"రా మరదలా, రా," అన్నారు కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఇంకొంచెం ఆలస్యమైతే టీకి వెళ్ళిపోయేవాణ్ణి. కేసు అయిపోయింది."

"అయిపోయిందా, అయిపోయిందని మీరు రాశారా బావగారూ?"

"రెండూ ఒకటే."

ఆయనది పేరున్న డిటెక్టివ్ ఏజెన్సీ. అద్దాల ఆఫీసు, చేతికింద బోలెడుమంది మనుషులు, ఎండాకాలంలో కూడా విప్పని కోటు. నాది ఒక గది, ఒక టేబులు, కిర్రుమనే ఒక ఫ్యాను. ఈ వృత్తిలోకి రాకముందు ఒక పెద్దాసుపత్రి విచారణ కౌంటర్లో కూర్చునేదాన్ని. రోజంతా జనానికి 'లేదు' అని చెప్పడమే అక్కడ నా పని. డాక్టరుగారు లేరు అంటే రాలేదని కావచ్చు, వచ్చి వెళ్ళారని కావచ్చు, లోపలే ఉండి మిమ్మల్ని చూడనన్నారని కావచ్చు. వినేవాళ్ళకి అన్నీ ఒకేలా వినబడతాయి. చెప్పేవాళ్ళకే తేడా తెలుసు.

టేబులుకి అవతల ముద్దాయి కూర్చుని ఉంది. ఈ గొడుగుల కంపెనీలో సర్వర్లు చూసుకునే అమ్మాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. బావగారు ఆమె ల్యాప్‌టాప్ లాక్కున్నారు, ఫోన్ లాక్కున్నారు, చివరికి రెండు చేతులూ టేబులు మీద పెట్టించారు, బడిలో అల్లరి పిల్లలకి చేసినట్టు. వాళ్ళమ్మ పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "బస్సులో టికెట్ కొట్టకపోతే కండక్టర్ని వెతుక్కుంటూ వెళ్ళే పిల్లండీ మాది. దొంగతనమేమిటండీ!" అని భోరుమంది. అందుకే వచ్చాను.

సంగతేమిటంటే, ఈ కంపెనీ ఒక కొత్త గొడుగు చేసింది. వాన ఆగగానే తనంతట తానే మూసుకుపోతుంది. ఇవాళ సాయంత్రం కింద హాల్లో దాని ఆవిష్కరణ. ఆ గొడుగు తాలూకు బొమ్మలూ కొలతలూ మొత్తం కంపెనీ వెబ్‌సైట్లో, సిబ్బంది మాత్రమే చూడగల ఒక పేజీలో ఉంటాయి. పొద్దున ఓనరుగారు ఆ పేజీ తెరిస్తే తిరగబడిన గొడుగు బొమ్మ ఒకటి వచ్చింది. దాని కింద, 'అయ్యో! మీరు వెతుకుతున్నది దొరకలేదు' అని ఉంది. పెద్దాయన అక్కడే కూలబడ్డారు. సర్వరు అమ్మాయే డిజైను బయటవాళ్ళకి అమ్ముకుని పేజీ చెరిపేసిందని ఆయన అల్లుడు తేల్చాడు. అల్లుడు తేల్చినదాన్ని మా బావగారు రిపోర్టులో దించారు. ఆవిష్కరణ అయ్యాక పోలీసులు వచ్చి పిల్లని తీసుకెళ్తారు.

"నీ తరఫున నేను వచ్చానమ్మా," అన్నాను ఆ అమ్మాయితో. "పేజీ నువ్వు చెరిపావా?"

"లేదు మేడమ్."

"మరేం జరిగింది?"

ఆ అమ్మాయి నోరు తెరిచి బావగారి వైపు చూసి, మళ్ళీ మూసేసింది.

"అడిగినదానికే జవాబు చెప్పాలని రూలు పెట్టాను," అన్నారు బావగారు గర్వంగా.

"మరి మీరేం అడిగారు?"

"ఎందుకు చెరిపావని అడిగాను."

ఇంతలో తలుపు తెరుచుకుని అల్లుడుగారు వచ్చాడు. ఒక చెవి దగ్గర ఫోను, ఇంకో చేతిలో ఇంకో ఫోను. కంపెనీలో అమ్మకాలన్నీ అతనివే. నన్ను చూసి ముఖం చిట్లించాడు.

"ఈవిడెవరు?"

"మా మరదలు. పట్టించుకోకండి," అన్నారు బావగారు.

"పట్టించుకోవాల్సి వస్తుందిలెండి," అన్నాను. "అల్లుడుగారూ, ఆ సర్వర్లోకి వెళ్ళి మార్పులు చేయాలంటే ఏం కావాలి?"

"కీ కావాలి. వేలెడంత యూఎస్‌బీ ముక్క. మొత్తం రెండే ఉన్నాయి. ఒకటి ఈ అమ్మాయిది, ఇంకోటి నాది."

"ఈ అమ్మాయిది ఎక్కడుంది?"

బావగారు కోటు జేబు తట్టి చూపించారు. "పొద్దుటి నుంచీ ఇక్కడే ఉంది. ఓనరుగారు స్వయంగా చెప్తే తప్ప బయటికి రాదు."

"మంచిది. ఇక ఘటనాస్థలం చూస్తాను."

"సర్వర్ రూమా? వెళ్ళు, వెళ్ళు. చలిగా ఉంటుంది, శాలువా కప్పుకో."

"పేజీ పోయింది అంటున్నారు కదా బావగారూ. పోయిన చోటే చూస్తాను."

గది మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఈ సర్వర్ల భాష నాకు ఒక పాత కేసులో తగులుకుంది. మనం ఏ పేజీ అడిగినా సర్వరు ముందు ఒక నంబరు చెప్తుంది, ఆ తర్వాతే బొమ్మలూ అక్షరాలూ పంపిస్తుంది. నంబరు తెరమీద కనబడదు. ఒక మీట నొక్కి పక్కన చిన్న కిటికీ తెరిస్తే అక్కడ ఉంటుంది. అచ్చం మా కౌంటరు భాషే అనిపించి చప్పున ఎక్కేసింది.

మొదట పేరూ పాస్‌వర్డూ ఇవ్వకుండా సిబ్బంది విభాగం ముఖపేజీ అడిగాను. 401 వచ్చింది.

"చూశావా, లేదంటోంది," అన్నారు బావగారు భుజం మీదుగా వంగి.

"లేదనడం లేదు. ముందు మీరెవరో చెప్పండి అంటోంది. మీకు పొద్దున ఇచ్చిన పాస్‌వర్డు కొట్టండి, చెప్దాం."

ఆయన కొట్టారు. ఆ పేజీ తెరుచుకుంది. వెంటనే సర్వరు నిర్వహణ పేజీ అడిగాను. ఈసారి 403.

"మళ్ళీ అదే కదా?"

"కాదు. 401కి మీరెవరో తెలియదు. 403కి మీరెవరో బాగా తెలుసు. తెలిసే రానివ్వనంటోంది." నేను టేబులు మీది రిపోర్టు అందుకుని మొదటి వాక్యం చదివాను. "'సర్వరును ఆమూలాగ్రం స్వయంగా పరిశీలించితిని.' ఎక్కణ్ణుంచి పరిశీలించారు బావగారూ, గేటు బయట నిలబడా?"

ఆయన ముఖం కందగడ్డ అయింది. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నారు.

"అది వాడుక మాట. రిపోర్టుల్లో అలాగే రాస్తారు."

"ఈ సర్వర్ల దగ్గర దానికీ ఒక నంబరుంది. 204. అంతా సవ్యంగానే జరిగింది, ఇవ్వడానికి మాత్రం ఏమీ లేదు అని. మీ రిపోర్టు మీద పెద్దక్షరాలతో వేయించండి."

అంత ఏడుపులోనూ ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. చేతులు టేబులు మీద ఉండటం వల్ల నోటికి అడ్డం పెట్టుకోలేకపోయింది.

తర్వాత అసలు డిజైను పేజీ అడిగాను. తిరగబడిన గొడుగు వచ్చింది, దాని కింద 'దొరకలేదు' అన్న మాటలు వచ్చాయి.

"404!" అన్నారు బావగారు. "ఇది మాత్రం నాకు తెలుసు. ఈ బొమ్మని ఆఫీసులో అందరూ 404 అనే అంటారు. 404 అంటే పోయింది. చిన్నపిల్లాడికి కూడా తెలుసు."

"అందుకే చిన్నపిల్లాడిలా బొమ్మ చూసి ఊరుకున్నారు."

నోటికొచ్చిన అక్షరాలు కలిపి ఎక్కడా లేని ఒక పేజీ పేరు కొట్టాను. అదే గొడుగు బొమ్మ వచ్చింది. పక్క కిటికీలో నంబరు 404.

"ఇదిగో, ఇది నిజమైన 404. అలాంటి పేషెంటు మా ఆసుపత్రిలో ఎవరూ లేరు అని. ఇప్పుడు డిజైను పేజీ మళ్ళీ అడుగుతున్నాను. బొమ్మ వదిలేయండి, నంబరు చూడండి."

బావగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. అల్లుడుగారు ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు. బొమ్మ అదే, మాటలూ అవే. నంబరు మాత్రం 503.

"పేషెంటు ఉన్నాడు, వార్డులోనే ఉన్నాడు. ఇప్పుడు చూడనివ్వం, తర్వాత రండి. ఇదీ 503. తర్వాత అంటే ఎప్పుడో కూడా కింద రాసుంది చూడండి, సోమవారం పొద్దున్న అని. బావగారూ, మీ సర్వీసులో ఇన్ని దొంగతనాలు చూశారు కదా. ఇల్లు దోచుకుని, సోమవారం రండి అని చీటీ అంటించి పోయిన దొంగ ఎవడైనా తగిలాడా?"

 బావగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తుడిచినా నంబరు మారలేదు.

"పేజీ పోలేదు. ఎవరో రెండ్రోజులు దాచారు. అమ్ముకున్నవాళ్ళకి దాచాల్సిన పని లేదు."

"ఏదైతేనేం," అన్నాడు అల్లుడుగారు విసుగ్గా. "పేజీ ఉన్నా ఊడినా ఆవిష్కరణ ఆగేది లేదు. కింద అతిథులు నిండిపోయారు. తయారైన శాంపిళ్ళు ఉన్నాయిగా, వాటితో కానిచ్చేస్తున్నాం."

ఆ అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. "శాంపిళ్ళతోనా? ఆగిపోలేదా ప్రోగ్రాం?"

"కూర్చో! చేతులు!" అన్నారు బావగారు.

ఆ అమ్మాయి కూర్చుంది. చేతులు మళ్ళీ టేబులు మీద పెట్టింది.

"మేడమ్, పేజీ దాచింది నేనే," అంది.

అల్లుడుగారు "హా!" అన్నాడు. బావగారు మళ్ళీ పెన్ను మూత తీశారు.  ఆ పిల్ల చేయలేదని నిరూపించడానికి వచ్చి, చేసిందని ఆ పిల్ల నోటితోనే చెప్పించాను. వాళ్ళమ్మకి ఏం చెప్పుకోను?

"ఎందుకమ్మా?" అన్నాను.

"ఆ గొడుగు మంచిది కాదు మేడమ్. స్ప్రింగు చాలా గట్టిది. వాన ఆగగానే మెల్లగా మూసుకోవాలి కదా, అలా కాదు, ఉచ్చు పడ్డట్టు ఒక్కసారిగా మూసుకుంటుంది. కింద మనిషున్నా ఆగదు. పరీక్షకి బట్టల షాపు బొమ్మని పెట్టి వాన పోశాం. ఊచలు బొమ్మ ముఖంలోకి దిగిపోయాయి. ఆ వీడియోలన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. అల్లుడుగారికి మూడుసార్లు చెప్పాను."

అల్లుడుగారు నీళ్ళు నమిలాడు. "స్ప్రింగు సంగతి తర్వాత చూసుకోవచ్చు అన్నాను. అంతే. అయినా ఇప్పుడా విషయం..." అంటూ ఫోను చూసుకున్నాడు. అది మోగినట్టు నాకైతే వినబడలేదు. "ఒక్క నిమిషం, ముఖ్యమైన కాల్," అని బయటికి వెళ్ళిపోయాడు.

"బయటి పరీక్షవాళ్ళ రిపోర్టు సోమవారం వస్తుంది మేడమ్," అంది ఆ అమ్మాయి. "కింద పెద్ద తెర మీద ఆ పేజీయే చూపించాలి కదా, అది లేకపోతే ప్రోగ్రాం వాయిదా వేస్తారనుకున్నాను. పొద్దుటి నుంచీ చెప్దామంటే సారు..."

"అడిగినదానికే అన్నారు. విన్నాను." బావగారి వైపు చూడాలంటే నాకే ఒళ్ళు మండింది. "సరే గానీ, దాచేదానివి శుభ్రంగా 404 పెట్టేసి ఊరుకోవచ్చుగా? నేను కూడా పసిగట్టేదాన్ని కాదు."

ఆ అమ్మాయి నా వైపు వింతగా చూసింది. "లేదని ఎలా చెప్తాను మేడమ్? ఉందిగా! బొమ్మ అంటే అలంకారం, ఏదైనా పెట్టుకోవచ్చు. నంబరు అబద్ధం ఆడకూడదు."

వాళ్ళమ్మ కండక్టర్ మాట ఊరికే అనలేదు. ఆ క్షణంలో ఆ పిల్ల నాకు ఎంత ముద్దొచ్చిందంటే, బావగారు లేకపోతే లేచి నెత్తి నిమిరేదాన్ని.

"ఒప్పుకుంది," అంటూ బావగారు రాసుకుంటున్నారు. "'నిందితురాలు నేరము అంగీకరించినది.' నా రిపోర్టే నిజమైంది."

"మీ రిపోర్టులో చెరిపింది, అమ్ముకుంది అనుంది. ఈ పిల్ల చెరపనూ లేదు, అమ్మనూ లేదు. పెన్ను అవతల పెట్టి ఆ కీ ఇవ్వండి. వీడియోలు చూద్దాం."

"ఇవ్వను."

"బావగారూ!"

"ఓనరుగారు చెప్తే తప్ప ఇవ్వనని మాటిచ్చాను. నువ్వు మీ అక్కతో చెప్పించినా ఇవ్వను."

ఇదివరకు మా అక్క పేరెత్తితే చాలు, మనిషి దారికొచ్చేవారు. ఇవాళ ఆ మందూ పని చేయలేదు. నేనే ఓనరుగారికి ఫోన్ చేసి, వెంటనే పైకి రాకపోతే మీ కంపెనీ పరువు మీ గొడుగు కిందే పోతుందని చెప్పాను. అలా అంటే తప్ప వచ్చేలా లేరు.

పెద్దాయన ఆయాసపడుతూ వచ్చారు. ఇస్త్రీ మడత నలగని కొత్త సూటు, జేబులో గులాబీ. "ఏమిటండీ ఇది, కింద ప్రోగ్రాం మొదలుపెట్టమని చెప్పి వచ్చాను, త్వరగా కానివ్వండి," అన్నారు. నేను జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాను. స్ప్రింగు మాట వచ్చేసరికి ఆయన గుడ్లప్పగించి ఆ అమ్మాయి వైపు చూశారు.

"నాకెవరూ చెప్పలేదే?"

"మీకు చెప్తానని అల్లుడుగారే అన్నారు సార్."

 పెద్దాయన కీ ఇవ్వమని బావగారికి తల ఊపారు. ఆయన కోటు జేబులోంచి రుమాలు తీసి, రుమాలు విప్పి, అందులోంచి కీ తీసి, ఏదో వజ్రం అప్పగిస్తున్నట్టు నా చేతిలో పెట్టారు. కీ కంప్యూటర్‌కి పెట్టేముందు పేజీ ఇంకోసారి అడిగి చూశాను. ఎందుకు చూశానంటే చెప్పలేను. కౌంటర్లో కూర్చున్న అలవాటు, ఒకసారి చెప్పిన జవాబు ఇంకా అదేనా అని చూసుకోవడం.

గొడుగు బొమ్మ అలాగే ఉంది. పక్క కిటికీలో నంబరు మారింది. 410.

"ఇదేమిటి, మళ్ళీ కొత్తది?" అన్నారు బావగారు. "నాలుగొందల పదా? పదంటే నాలుగు కంటే నయమేనా?"

ఆ అమ్మాయి తెర వైపు చూసింది. ముఖంలో రక్తం లేదు.

"డిలీట్ బటను నొక్కితే అది వస్తుంది. నేనే అలా రాశాను. తీసేసేముందు రెండుసార్లు అడుగుతుంది సార్, శాశ్వతంగా తీసేయనా అని. రెండుసార్లూ అవుననే నొక్కాలి. కాపీలతో సహా పోతుంది." నా వైపు తిరిగింది. "వీడియోలన్నీ పోయాయి మేడమ్. ఇది నేను చేయలేదు."

నాకు తెలుసు. 404కీ దీనికీ ఉన్న తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి పేషెంటు ఎవరూ లేరని చెప్పడం వేరు. ఉండేవారు, ఇక లేరు అని చెప్పడం వేరు. ఆ రెండో మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను కౌంటర్లో కుర్చీలోంచి లేచి నిలబడేదాన్ని. ఇప్పుడూ తెలియకుండానే లేచాను.

"బావగారూ, ఈ అమ్మాయి చేతులు పొద్దుటి నుంచీ ఎక్కడున్నాయి?"

"టేబులు మీద. నా ఎదురుగానే."

"కీ?"

"నా జేబులో."

అంటూనే ఆయనకీ వెలిగింది. ఒక్కోసారి ఆలస్యంగానైనా వెలుగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. రిపోర్టు తీసి నిలువునా చింపి, చింపిన ముక్కలు ఎక్కడ పడేయాలో తెలియక కోటు జేబులోనే కుక్కుకున్నారు. "ఈ పిల్ల చేయలేదని నేను సాక్ష్యం చెప్తాను. ఎక్కడైనా చెప్తాను," అన్నారు.

రెండో కీ ఎవరి దగ్గరుందో ఎవరమూ పైకి అనలేదు. పెద్దాయన తెరవైపే చూస్తున్నారు. ఒక నిమిషంలో మనిషి పదేళ్ళు పైబడ్డట్టు కనబడ్డారు. అల్లుడు ఆ వీడియోలు చూసే ఉంటాడు. చూశాడు కాబట్టే చెరిపాడు.

"సార్, స్టేజీ మీద ఏం చేయబోతున్నారు?" అని అడిగాను.

"పైనుంచి పైపులతో వాన కురిపిస్తాం. వాన ఆపగానే గొడుగు మూసుకుంటుంది. జనం చప్పట్లు కొడతారు." 

"గొడుగు ఎవరు పట్టుకుంటారు?"

పెద్దాయన చెయ్యి కుర్చీ కోసం గాల్లో తడుముకుంది.

"మా మనవరాలు. నా చిట్టితల్లి. రెండో క్లాసు. వాళ్ళ నాన్నకి, అదే మా అల్లుడికి కూడా చెప్పలేదమ్మా, చూసి మురిసిపోతాడని..."

ఆ అమ్మాయి అప్పటికే తలుపు దగ్గరుంది. చేతులు టేబులు మీద పెట్టమని ఈసారి బావగారు అనలేదు. నిజానికి ఆయన నాకంటే ముందే మెట్ల వైపు పరుగు తీశారు, జీవితంలో మొదటిసారి కోటు విప్పి కింద పారేసి. నేను హాలుకి ఫోన్ కలిపాను. మోగుతోంది, మోగుతోంది, అక్కడి పాటల హోరులో ఎత్తేవాళ్ళు లేరు.

మెట్లు దిగుతుంటే కింద చప్పట్లు వినబడ్డాయి. చప్పట్ల వెనకే, స్టేజీ మీద వాన మొదలైన చప్పుడు.

ఆ వాన ఆగేలోపు మేం మూడంతస్తులు దిగాలి.